రోడ్డుకు ఆ పక్కన నడిచిన మనిషి

శ్రీకాకుళంలో నేను అద్దెకుంటున్న ఇంటి వెనక ఒక కాలేజీ మైదానం ఉంది. తెల్లవారేసరికి అక్కడ ఎవరో పిల్లల చేత పరుగులు తీయిస్తూ విజిల్ ఊదుతారు. ఊదే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ శబ్దం మాత్రం వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చి, స్టవ్ మీద పాలు పెట్టుకుని నిలబడ్డ నన్ను నౌపడకు తీసుకుపోతుంది. ఉప్పుమళ్ల మీంచి వచ్చే తడిగాలి, కళ్లు చికిలించి చూడాల్సినంత తెల్లటి కుప్పలు, వాటి పక్కనుంచి పోయే రోడ్డు, ఆ రోడ్డు మీద సైమన్ మాస్టారు గుర్తుకొస్తారు.

నౌపడ హైస్కూలుకు లెక్కల టీచరుగా బదిలీ అయ్యేనాటికి నాకు యాభై దాటాయి. మావారు పోయి కొన్నేళ్లయింది. పిల్లలు లేరు. షుగరు మాత్రం చాలాకాలంగా నాతోనే ఉంది. వేళకి మాత్ర వేసుకుంటే చాలనుకునేదాన్ని. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ సగంలో ఆగిపోయాను. ఏళ్ల తరబడి చెప్పిన లెక్కే. తరవాత ఏం రాయాలో తెలియలేదు. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక పిల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. గంట కొట్టబట్టి బతికాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు. మా అమ్మకీ షుగరే. చివరి రోజుల్లో నన్ను చూసి, "మీరెవరి అమ్మాయండీ?" అని అడిగేది. పరాయివాళ్లతో మాట్లాడేటప్పటి ఆ మర్యాద నాకిప్పటికీ వినిపిస్తుంది.

టెక్కలిలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంది. కొన్ని గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. "షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే కళ్లూ కిడ్నీలే కాదండీ, మెదడు కూడా దెబ్బతింటుంది. మందులతో పాటు ఒంటికి పని చెప్పండి. చురుగ్గా నడవండి, కొద్దికొద్దిగా బరువులెత్తండి. మతిమరుపు రాదని హామీ ఇవ్వలేను. మేలు మాత్రం చేస్తుంది," అంది.

ఇంటికొచ్చి మందుల కవరు ఒళ్లో పెట్టుకుని గుమ్మం మెట్ల మీద కూర్చున్నాను. ఆ ఇంటి యజమాని సైమన్ మాస్టారు ముందు వాటాలో ఉండేవారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఒక్కరే. ఆదివారం చర్చికి వెళ్లిరావడం తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు. అద్దెకు దిగినప్పటి నుంచీ నాతోనూ అంతే. ఆవేళ మాత్రం ఆగారు.

"ఏటమ్మా, డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

చెప్పాను. ఒంటరి ఆడదాన్ని, ఈ ఊళ్లో చేతులూపుకుంటూ నడిస్తే నలుగురూ ఏమనుకుంటారో అని కూడా అన్నాను.

ఆయన రోడ్డు వైపు చెయ్యి చూపించారు. "నాను ఆ పక్క నడుస్తాను, మీరు ఈ పక్క నడండి. మద్దిన రోడ్డుంటాది కదా. ఎవులేటంటారు?"

మర్నాడు తెల్లవారుతుండగానే బయల్దేరాం. ఆయన మెడలో పాత విజిల్ వేలాడుతోంది. ఒకసారి ఊదితే జోరుగా నడవాలి, మళ్లీ ఊదితే నెమ్మదించాలి. మొదట్లో సిగ్గుతో తల దించుకునేదాన్ని. తరవాత్తరవాత ఆ ఈల కోసం చెవి పెట్టుకుని నడిచేదాన్ని. ఇంటికొచ్చాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమనేవారు. గుడ్డ సంచుల్లో కళ్లుప్పు పోసి, మూతి కుట్టి ఇచ్చారు, ఎత్తి దించడానికి. "నడకొక్కటే సాల్దమ్మా. కండ కూడా గట్టిపడాల," అనేవారు.

ఒకరోజు ఏమీ తినకుండా మాత్ర వేసుకుని వచ్చేశాను. ఉప్పుమళ్ల దగ్గరకి వచ్చేసరికి ఒళ్లంతా చెమట, కాళ్లలో వణుకు. రోడ్డు పక్కనే కూలబడ్డాను. మాస్టారు రోడ్డు దాటి నా వైపు రావడం అదే మొదటిసారి. జేబులోంచి బెల్లంముక్క తీసి చేతిలో పెట్టి, "సప్పరించండి ముందు," అన్నారు. నేను తేరుకునేదాకా పక్కనే నిలబడ్డారు. ఆ తరవాత స్కూలు పిల్లని కోప్పడ్డట్టు కోప్పడ్డారు. బెల్లం జేబులో ఎందుకుంచుకున్నారని అడిగితే, కల్వర్టు గోడ మీద దూరంగా కూర్చుని చెప్పారు.

"మా మార్తకీ సుగరే. నాలుగు మెట్లెక్కితే ఆయాసమనీది. కూకోమనీవోడిని. ఇంటి పనంతా నానే సేసీవోడిని. అదే పేమనుకున్నాను. ఊళ్లో పిల్లలందర్నీ పరిగెత్తించేనమ్మా, ఇంట్లో మనిసిని మాత్రం కుర్సీలోంచి లేవనీలేదు. ఆకర్న నన్ను మరిసిపోనాది. డ్రిల్లు మాస్టార్నని తెలుసు, మొగుణ్ణని తెల్దు. 'మాస్టారూ, మా ఆయన కనిపిస్తే ఇంటికి రమ్మని సెప్పండి' అనీది."

"నడిపించి ఉంటే అలా అయ్యేది కాదంటారా?" అని అడిగాను.

"తెల్దు. ఆ తెలకపోడమే నాకు మిగిలిపోనాది," అని లేచి, రోడ్డు దాటి తన వైపుకి వెళ్లిపోయారు.

నెలలు గడిచాక షుగరు దిగింది. అద్భుతమేమీ జరగలేదు. పేర్లు అప్పుడప్పుడూ ఇంకా జారిపోయేవి. కాని తలలో ముసురు పట్టినట్టుండేది కొంత విడిచింది. అప్పుడు సగంలో ఆగిపోయిన ఆ రకం లెక్కనే ఒకరోజు మళ్లీ బోర్డు మీద మొదలుపెట్టి, ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా చేశాను. సాయంత్రం మాస్టారుతో చెప్పాను. "అయితే సంచుల్లో ఇంకాస్త ఉప్పు పొయ్యాల," అన్నారు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఆ వానాకాలం శిక్షణ తరగతులకని విజయనగరం వెళ్లాను. స్కూలు అటెండరు ఫోన్ చేశాడు. మాస్టారు గుండె ఆగి నిద్రలోనే పోయారట. వానలకు బస్సులు ఆలస్యమై నేను వచ్చేసరికి సమాధి అయిపోయింది. ముందు వాటాకి తాళం. మర్నాడు యథాప్రకారం బయల్దేరాను. అలవాటుగా నా వైపే నడిచాను. ఎప్పుడు జోరు పెంచాలో తెలియక ఉప్పుమళ్ల దాకా ఒకే తీరున నడిచి, ఒకే తీరున వెనక్కొచ్చాను.

ఈమధ్య ఇక్కడ శ్రీకాకుళంలో డాక్టరు మళ్లీ ఆ మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షే పెట్టారు. "జ్ఞాపకశక్తి పోయినసారికంటే తగ్గలేదు. మంచి కబురే," అన్నారు. బయటికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. "ఏటమ్మా, ఎక్కడికి?" అంటూ ఆటో అతను దగ్గరకొచ్చి ఆపాడు. నడుస్తానని చెప్పి నాగావళి వంతెన మీదుగా ఇంటికి బయల్దేరాను.

దారిలో ఒక సంగతి తట్టింది. మాస్టారుకి నా అన్నవాళ్లెవరూ లేరు. మొగుణ్ణే మరిచిపోయిన మార్తమ్మను నేనసలు చూడనే లేదు. అయినా 'మా ఆయన కనిపిస్తే ఇంటికి రమ్మని' ఆవిడ అన్న ఆ మాట ఇప్పుడు ఈ లోకంలో నా తలలో ఒక్కచోటే ఉంది. దాన్ని జారిపోనివ్వకూడదనుకున్నాను. అడుగు జోరు పెంచాను.