మా చెల్లెలి కోసం ధర్నా

ధర్నా ఆపమని చెప్పిరమ్మని మా చెల్లెలు నన్ను కోదాడకు పంపింది. తను యూనివర్సిటీలో ప్రొఫెసర్. మేమిద్దరం సూర్యాపేటలో ఒకే ఇంట్లో ఉంటాం. వీసీ పదవికి కమిటీ పైకి పంపిన మూడు పేర్లలో తన పేరూ ఉందని పొక్కిందో లేదో, తన దగ్గర చదివిన పిల్లలు కోదాడ బస్టాండు ముందు టెంటు వేశారు. "మా మేడమే వీసీ కావాలె" అని ఫ్లెక్సీ కూడానూ! దాని మీద చెల్లెలి ఫొటో, ఎవరి పెళ్లిలోనో దిగింది.

"నేను పోతే నేనే కూసోబెట్టిన అంటరు. పోకున్నా అంటరు. జర నువ్వు పోయిరా అక్కా," అంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నాకు ఒళ్లు మండింది. పోయినసారి వీసీ వద్దని ఇదే పిల్లలు రోడ్డెక్కితే చప్పట్లు కొట్టినదాన్ని నేను. హాస్టల్ అన్నంలో పురుగులొస్తే ఊరుకుంటారా మరి? ఆ వీసీ పదవి వదిలి వెళ్లాడు కూడా. వద్దన్నప్పుడు వాళ్ల మాట వినాలన్నదాన్ని, కావాలన్నప్పుడు వినొద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అయినా చెప్పాను. టెంటు కింద ఓ పిల్ల నాకు కుర్చీ వేసి, మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టింది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. రేపు మిర్యాలగూడల గూడ ర్యాలీ ఉన్నది."

"అయ్యో బిడ్డా! మీరు గిట్ల కూసుంటే ఆమె పేరే ఖరాబైతది. ఆమెనే ఎగదోసిందంటరు."

"ఎవలంటరు? మా అంతట మేమే వచ్చినం. అన్నోళ్లకు మేం చెప్తం!"

ఎవరికి చెబుతారు? అనేవాళ్లు ఆ టెంటు దాకా రారు. మజ్జిగ తాగి బస్సెక్కాను.

అనుకున్నదే అయింది. పిల్లల్ని రోడ్డెక్కించే మనిషన్న మాట పైదాకా పోయింది. తన కోసం ఎవరూ జెండా పట్టని పెద్దమనిషి వీసీ అయ్యాడు. చెల్లెలు ఆ పూట అన్నం ముట్టలేదు. ఏం చెయ్యాలో తోచక పక్కన కూర్చుని నేనే ఏడ్చాను.

ఆదివారం ఆ పిల్లలు మా ఇంటికొచ్చారు. మజ్జిగ ఇచ్చిన పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"మేం సరిగ్గ కొట్లాడలేదు మేడమ్. వచ్చేసారి సూడుండ్రి, హైవేనే బంద్ చేస్తం!"

వచ్చేసారికి మా చెల్లెలికి ఆ పదవి వయసు దాటిపోతుంది. ఆ మాట అనబోతుంటే చెల్లెలు నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"అట్లనే బిడ్డా," అని, అందరికీ చాయ్ పెట్టడానికి లేచింది.