స్కానింగు గది ముందు మా మామ

మిమ్మల్నే అడుగుతున్నాను, సహోదరులారా! మీ పగవాడి ప్రాణం మీ ఒక్క మాట మీద ఉంటే, ఆ మాట మిమ్మల్ని జైలుకు పంపేదైతే, నోరు విప్పుతారా? తొందరపడి ఆమెన్ అనకండి. అట్లా నోరు విప్పిన మనిషిని మొన్న మంగళవారం మట్టిలో పెట్టి వచ్చాం. ఆయన మా పెద్దమామ, మా అమ్మకు అన్న. వేముల దగ్గర మా ఊళ్లో, నిద్రలోనే ప్రభువు దగ్గరికి పోయాడు.

పార్టీల పేరుతో ఊళ్లు రెండుగా చీలిన రోజుల్లో మామ ఒక పక్క మనిషి. అప్పట్లో మా వాళ్లకు నెత్తురు కారితేనే దెబ్బ. కుట్లు పడితే జమ్మలమడుగు ఆసుపత్రి, ఆ వెంటనే కేసు. కట్టె తగిలి కళ్లు బైర్లు కమ్మి, వాంతి చేసుకుని లేచినవాడికి మాత్రం ఇంత కాఫీ తాపి ఇంటికి పంపేవాళ్లు. మామ అట్లా ఎన్నిసార్లు లేచాడో! "నాది రాతి తలకాయప్పా" అని మీసం దువ్వేవాడు.

నడివయసు వచ్చేసరికి ఆ రాతి తలకాయ వెలుతురుకు కూడా ఓర్చుకోలేకపోయింది. చర్చిలో కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. చెప్పిన మాటే మళ్లీ చెప్పేవాడు. ఊరికే కోపం. నేను పాస్టరును కదా, దయ్యం పట్టిందని అత్త ప్రార్థన చేయమంది. చేశాను. చేసి, ప్రొద్దుటూరుకు కూడా తీసుకుపోయాను. సువార్త రాసినవాళ్లలో ఒకాయన వైద్యుడే కదా!

అక్కడ ఒక డాక్టరమ్మ, తలకు పాత దెబ్బలు తిన్నవాళ్ల మెదడును అయస్కాంతపు మిషనులో ఫొటోలు తీసి, ఆ దెబ్బలు లోపల ఏం చేసిపోయాయో పరిశోధిస్తోంది. రెండు పార్టీల వాళ్లూ కావాలంది. ఎవరొస్తారు? పాత కొట్లాటలు బయటపడతాయని అందరికీ భయం. మామే ముందు కదిలాడు. "తలకాయకు పార్టీ యాడిది? పాండి" అని తన వాళ్లను వెంటబెట్టుకుపోయాడు. అది విని అవతలి వాళ్లూ వచ్చారు.

ఆ రోజు మామ స్కానింగు అయిపోయి బెంచీ మీద కూర్చున్నాడు. తరువాతి వంతు అవతలి పార్టీ ఆయనది, మా పక్క ఊరి మనిషి. నర్సమ్మ అందరినీ అడిగినట్టే ఆయననూ అడిగింది.

"ఒంట్లో ఇనుప ముక్కలేమన్నా ఉన్నాయా పెద్దాయనా?"

"ఏం లేవమ్మా."

మా వైపు ఆ ప్రశ్నకు ఎవరు నిజం చెప్తారు? ఉందంటే ఏ బాంబుదని అడుగుతారు. అయస్కాంతం లాగి ఆ ముక్క కదిలితే ప్రాణానికే ముప్పని ఆయనకు తెలియదు. మామకు డాక్టరమ్మ చెప్పింది. ఒకప్పుడు ఆయన మీద పడిన బాంబు ఎవరు వేశారో తేలక కేసు ఇంకా కోర్టులోనే మూలుగుతోంది.

మామ లేచాడు. మా వాళ్లలో ఒకడు పంచె పట్టి లాగాడు: "కూచో మామా, నీకెందుకు?"

"ఇడువు రా" అని విదిలించుకుని, మామ గట్టిగా అన్నాడు: "ఆగమ్మా! ఆయప్పకు మెడలో ఇనుప ముక్క ఉండాది."

"నీకెట్ల తెలుసు?" అన్నాడాయన గుడ్లురిమి.

"ఏసింది నేనే గాబట్టి."

ఆయన వచ్చి మామ ఎదుట నిలబడ్డాడు. నేను మధ్యలోకి పోతే నన్ను పక్కకు నెట్టి, "ఇన్నేండ్లూ మీ తమ్ముడనుకుంటి కదప్పా! అయినా వానికంత గురి యాడిదిలే!" అన్నాడు.

ముందు నవ్వింది మామే.

ఎక్స్‌రే తీస్తే మెడలో రక్తనాళం పక్కనే ముక్క. డాక్టరమ్మ ఆయనను మిషనులోకి పంపలేదు. మామ ఫొటోల్లో చిన్న మచ్చలు చూపించి, "ఇవి దెబ్బల వల్లేనా అన్నదే నా పరిశోధన. కొందరికి ఏమీ కనపడదు. కనపడనంత మాత్రాన దెబ్బ లేదని కాదు" అంది.

బాంబు వేసింది తానేనని మామ కోర్టులోనూ చెప్పాడు. జైలుకు పోయాడు. చూడబోయి నేను పశ్చాత్తాపం మీద వాక్యం మొదలుపెడితే, "అది నేను చేసినాలే గానీ, అలసంద వడలు తెచ్చినావా లేదా?" అనేవాడు. విడుదలయ్యాక పులివెందులలో కబడ్డీ పోటీలకు పోతే ఆట చూసేవాడు కాదు, పడినవాణ్ణి చూసేవాడు. పరుగున పోయి, "ఈ పొద్దు ఏ వారమప్పా?" అని అడిగేవాడు. తడబడితే ఇంక ఆడనిచ్చేవాడు కాదు. ఎంతమంది తిట్టినా సరే. ఆ మామకు మేనల్లుణ్ణని చెప్పుకోవడానికి నాకు ఛాతీ చాలదు.

సమాధి దగ్గర ఆ పక్క ఊరి ఆయన పెట్టె ఒక మూల భుజాన మోశాడు. ముసలివాడు, మెడ సరిగా తిరగదు. మార్చుకుందామంటే ఇవ్వలేదు.

చదువుతున్న అయ్యా, అమ్మా! తలకు దెబ్బ తగిలి, నెత్తురు రాలేదు కదా అని మీ ఇంట్లో ముసుగు పెట్టి పడుకున్నవాడు ఉన్నాడా? ఆదివారం ప్రార్థనకు తీసుకొస్తాననకండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. ఈ పొద్దే లేపండి, బండెక్కించండి. అక్కడ ఒంట్లో ఇనుముందా అని అడిగితే నిజం చెప్పించండి. వాడు చెప్పకపోతే, తెలిసిన మీరు చెప్పండి. లేవండి, ఇప్పుడే!