కాలరు మీది ఎర్ర పువ్వు

ఆవిడ అసలు పేరు చర్చి రిజిస్టరులో ఉందేమో గానీ వీధిలో ఎవరి నోటా లేదు. అందరికీ కత్తెరమ్మే. చేతిలో ఉన్న కత్తెరను చూసి పెట్టారో, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎగాదిగా చూసి, "నడుం పెరిగింది, పాత కొలతలు పనికిరావు" అని నలుగురి ముందూ అనేసేది. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ కుట్టిన గౌను వేసుకుంటే గూని మనిషి కూడా నిటారుగా కనబడేది మరి.

షాపులో ఒక ముక్కాలి పీట ఉండేది. గౌను అంచు సరిచూడాలంటే కుట్టేవాళ్ళు నేల మీదికి దిగాలి, మోకాళ్ళ మీద వంగి చుట్టూ గుండుసూదులు గుచ్చాలి. ఆ పనిలో అది తప్పదు. కత్తెరమ్మ మాత్రం వంగేది కాదు. ఎవరొచ్చినా పీట ఎక్కించేది. ముసలివాళ్ళు గోడ పట్టుకుని గజగజలాడుతుంటే తాను కుర్చీలో దర్జాగా కూర్చుని సూదులు గుచ్చేది. "ఒకరి ముందు వంగలేదు, ఒకరి చెయ్యి పట్టుకుని లేవలేదు" అన్నది ఆవిడ ఊతపదం. చర్చిలో అందరూ మోకరించినప్పుడు కూడా మొదటి వరసలో ఆవిడ తల ఒక్కటే పైకి కనబడేది. అడిగితే మోకాళ్ళ నొప్పులనేది. ఆ నొప్పులు మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కడికి పోయేవో దేవుడికే తెలియాలి.

ఊరికే వచ్చిన గర్వం కాదులెండి. తల్లి పోయేనాటికి ఆవిడకి పట్టుమని ఒక్క గౌను కుట్టడం కూడా రాదు. చంకలో చెల్లెలు. ఆ చెల్లెల్ని తల్లి వదిలిన కుట్టుమిషను మీదే పెంచింది. కాజాలు కుట్టి అన్నం పెట్టింది, చదివించింది, పెళ్ళి చేసింది. పెళ్ళైన కొన్నాళ్ళకే మొగుడు చనిపోతే, లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనిలో చేర్పించింది కూడా ఆవిడే. ఇంత చేసిన మనిషికి కాస్త మిడిసిపాటు ఉండదా? ఉంటుంది. అయితే ఆ మిడిసిపాటుకి ఆవిడ ఒక గుర్తు పెట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

తాను కుట్టిన ప్రతి బట్టకీ ఎర్ర దారంతో చిన్న పువ్వు వేసేది. డబ్బిచ్చి కుట్టించుకున్నవాళ్ళకి కాలరు లోపలి వైపు, కనబడకుండా. ఊరికే ఇచ్చినవాటికి మాత్రం బయట, కాలరు మీద, వీధి చివరి నుంచి చూసినా తెలిసేలా. ఏటా చర్చిలో బీదవాళ్ళకి బట్టలు పంచేది. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, "ఇలా తిరుగు, అందరికీ కనబడనీ" అనేది. గుప్తంగా ఇవ్వమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట పక్క వరసలో కూర్చున్న షావుకారుకే అనుకుని ఆయన వైపు చూసేది. పిలిచినవాళ్ళలో ఏటా చివర చెల్లెలూ, చెల్లెలి కూతురూ ఉండేవారు. సొంతవాళ్ళు కదా, వాళ్ళ పువ్వు కాస్త పెద్దదిగానే వేసేది.

బడిలో ఆ పిల్లని "దానం గౌను" అని పిలిచేవారని కత్తెరమ్మకి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? పిల్లి మెడలో గంట కట్టడం లాంటిదే.

చెల్లెలికి దగ్గు పట్టుకుంది. లాండ్రీ ఆవిరికి వచ్చే మామూలు దగ్గే అనుకున్నారంతా. ఆదివారం చర్చి బయట "ఏమే, చిక్కిపోయావు" అని కత్తెరమ్మ అంటే, "నువ్వు గౌన్లు వదులుగా కుడుతున్నావక్కా" అని నవ్వేసింది. ఆ నవ్వే ఆఖరు. తర్వాతి ఆదివారం రాలేదు. మర్నాడు పొద్దున్నే లాండ్రీ మనిషి పరుగెత్తుకొచ్చి కబురు చెబితే, కత్తెరమ్మ టేపు మెడలో వేసుకునే పరుగెత్తింది. అప్పటికే అయిపోయింది.

"మందులు వాడలేదా? నాకు చెప్పలేదేం?" అని చెల్లెలి కూతుర్ని పట్టుకుని కుదిపింది.

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు లేవు. "చెబుదామన్నాను పెద్దమ్మా. అమ్మ వద్దంది. అక్కకి చెబితే మందు సీసాకి కూడా పువ్వు కుట్టిస్తుంది అంది."

చెల్లెలు సరదా మనిషి. అది సరదాకే అని ఉంటుంది. కానీ ఆ మాట కత్తెరమ్మ గుండెలో సూది విరిగినట్టు విరిగి ఉండిపోయింది.

సాయంత్రం సమాధి. మధ్యాహ్నమే తెల్ల గుడ్డ తెచ్చి మిషను ముందు కూర్చుంది. చెల్లెలికి తొడిగే ఆఖరి గౌను ఇంకొకరు కుట్టడానికి వీల్లేదంది. కొలతలు అక్కర్లేదు, ఆ ఒళ్ళు ఆవిడ పెంచిన ఒళ్ళే. ఏడుస్తూనే కుట్టింది. కళ్ళకి ఏమీ ఆనలేదు, చేతులే వాటి పని అవి చేసుకుపోయాయి. కుట్టి, మడిచి, తెచ్చి ఇచ్చింది.

తల్లికి గౌను తొడగబోయిన పిల్ల ఆగిపోయింది. కాలరు మీద, బయటి వైపు, ఎర్ర పువ్వు.

కావాలని వేసింది కాదు. ఒట్టు పెట్టి చెప్పగలను. ఊరికే ఇచ్చేదని చెయ్యికి తెలుసు, అలవాటు ప్రకారం వేసేసింది. కానీ ఆ గదిలో ఆ సంగతి ఎవరికి చెప్పి ఒప్పించగలదు? పిల్ల బ్లేడు తీసుకుంది. శవం పక్కనే కూర్చుని కుట్టు కుట్టూ తెంపింది. ఎర్ర దారం ముక్కలు ఏరి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఇప్పుడైనా మా అమ్మని వదిలెయ్యి" అంది.

దారం పోయింది గానీ చిల్లులు పోలేదు. తెల్ల కాలరు మీద పువ్వు ఆకారంలో సూది గుచ్చిన చిల్లులు. పెట్టె మూసేదాకా కత్తెరమ్మ చెల్లెలి మొహం చూడలేకపోయింది, ఆ చిల్లులే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత ఆ పిల్ల తల్లి పనిలోనే చేరింది. చర్చిలో అటు చివర కూర్చునేది, ప్రార్థన కాగానే వెళ్ళిపోయేది. కత్తెరమ్మ గుమ్మం తొక్కలేదు. పంపిన బియ్యం వెనక్కి వచ్చింది. పంపిన గుడ్డా వెనక్కి వచ్చింది. కత్తెరమ్మకి ఇక ఈ లోకంలో కావలసింది ఒక్కటే, ఆ నోటితో మళ్ళీ "పెద్దమ్మా" అనిపించుకోవడం. దానికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇవ్వడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదాయె, ఆ ఇవ్వడమే తప్పు దారిన నేర్చుకుంది.

ఒక ఆదివారం ఆవిడ చివరి వరసలో కూర్చుంది. అందరూ మోకరించినప్పుడు తానూ దిగింది. ఎప్పుడూ చేసే ప్రార్థన, అంటే తాను చేసిన మంచిపనులు దేవుడికి గుర్తుచేయడం, ఎంత తన్నుకున్నా నోటికి రాలేదు. "ప్రభువా, చెల్లెల్ని గౌనులా గోడకి తగిలించి ఊరికి చూపించాను" అని మాత్రం అంది. అని వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న ముసలమ్మ ఎవరో వీపు నిమిరింది. ఒకప్పుడు పీట ఎక్కి గజగజలాడిన ముసలమ్మే అది.

మర్నాడు పీట అటక మీదికి వెళ్ళింది. ఎర్ర దారం ఉండ చెత్తలోకి వెళ్ళింది. వచ్చినవాళ్ళని నేల మీదే నిలబెట్టి, తాను కిందికి దిగి అంచులు చూడసాగింది. ఇప్పుడు మోకాళ్ళు నిజంగానే నొప్పులు పెట్టేవి. దేవుడికి కూడా హాస్యం తెలుసు. లేవడానికి మిషను కాలు పట్టుకునేది, ఎవరైనా చెయ్యి చాపితే "వద్దులే" అనేది. ఒక్కరోజులో మారిపోవడానికి మనిషేమన్నా గౌనా, విప్పి కుట్టడానికి?

ఆస్పత్రిలో దిక్కులేకుండా పోయినవాళ్ళని చిరిగిన దుప్పటిలో చుట్టి పంపేస్తున్నారని విని, వాళ్ళకి తెల్ల గౌన్లు కుట్టడం మొదలుపెట్టింది. మూట తీసుకెళ్ళి మార్చురీ కాపలామనిషి బల్ల మీద పెట్టి వచ్చేసేది. పువ్వు లేదు, పేరు లేదు. వేసుకున్నవాళ్ళు అద్దంలో చూసుకునేదీ లేదు, వీధిలో చూపించేదీ లేదు. చెల్లెలికి కుట్టాల్సిన విధంగా వాళ్ళకి కుట్టింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే కావచ్చు, అయినా పట్టుకుంది.

ఎదురు షాపు టైలరమ్మతో ఆవిడకి ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూ. ఆ టైలరమ్మ జారిపడి మణికట్టు విరిగితే, ఒప్పుకున్న బట్టలన్నీ కత్తెరమ్మ అడిగి తెచ్చుకుని కుట్టింది. ఎదురు షాపు పేరు మీదే పంపించింది. "ఎవరికీ చెప్పకు" అంది. ఒక పెద్దింటావిడ వాటిలో ఒక గౌను వేసుకొచ్చి, "చూశావా, నీకంటే ఎంత నాజూగ్గా కుట్టిందో" అని కత్తెరమ్మనే దెప్పిపొడిచింది. నాలుక చివరిదాకా వచ్చిన జవాబుని మింగడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. మింగింది. సాయంత్రానికి ఒక్కతే కూర్చుని నవ్వుకుంది కూడా.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే చెల్లెలి కూతురు. చేతిలో తెల్ల గౌను. ఏనాడో చెల్లెలికి తానే ఇచ్చిన గౌను, మడత కూడా చెదరలేదు. కాలరు మీద ఎర్ర పువ్వు నిన్న కుట్టినట్టుంది.

"ఎదురు షాపుకి తీసుకెళ్ళాను" అంది పిల్ల, గోడవైపు చూస్తూ. "ఆవిడ ముట్టుకోనంది. కుట్టిన చెయ్యే విప్పాలంది. తన చెయ్యి విరిగినప్పటి సంగతి కూడా చెప్పింది."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని గొణిగింది కత్తెరమ్మ.

"వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం. అమ్మ గౌను వేసుకుని నీళ్ళలోకి దిగాలనుంది. ఈ పువ్వు తీసేసి నా కొలతకి చెయ్యాలి."

కత్తెరమ్మ బ్లేడు తీసుకుంది. కుట్టు కుట్టూ తెంపి దారం ముక్కలు ఏరి తన ఒళ్ళో పెట్టుకుంది. పువ్వు పోయింది, చిల్లులు మిగిలాయి. ఇద్దరూ వాటినే చూశారు.

"ఈ చిల్లులు పోవా?" అంది పిల్ల.

"పోతాయి తల్లీ. నీళ్ళు తగిలితే నూలు ఉబ్బి మూసుకుంటాయి. ఎలాగూ మునుగుతావుగా. ఒక్క తడుపు చాలు." అంతవరకూ మామూలుగానే చెప్పింది. ఆపైన ఒళ్ళోని దారం ముక్కల వైపు చూసింది. "మీ అమ్మతో మట్టిలోకి పోయిన గౌనుకే ఇక ఉతుకు లేదు."

పిల్ల లోపలికెళ్ళి గౌను తొడుక్కుని వచ్చి, పీట కోసం అటూఇటూ చూసింది.

"నేల మీదే నిలబడు" అంది కత్తెరమ్మ.

మిషను పట్టుకుని మెల్లగా దిగింది. ఒక మోకాలు, తర్వాత రెండోది. పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని, ఆ పాదాల చుట్టూ పాకుతూ అంచు మడిచింది. అచ్చం చెల్లెలి పాదాలే, సబ్బునీళ్ళకి పగిలిన మడమలతో సహా. కన్నీళ్ళు వాటి మీద పడ్డాయి. పిల్ల పాదాలు వెనక్కి తీసుకోలేదు.

చివరి సూది గుచ్చి లేవబోయింది. మిషను కాలు చెయ్యి చాపితే అందేటంత దగ్గరలోనే ఉంది. ఆవిడ దానివైపు చూసింది, తర్వాత పైకి చూసింది.

"నా వల్ల కావట్లేదు" అంది. "కాస్త చెయ్యి ఇవ్వవే."

పిల్ల వంగి రెండు చేతులూ పట్టుకుంది.

"మెల్లగా పెద్దమ్మా, సూదులున్నాయి" అంది.