జాకీ కింద నేల

విశాఖలో నేను క్రేన్ లారీ నడపడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. ఎంత తొందర పనైనా, బరువెత్తే ముందు ఇనుప తాడును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూస్తాను. కొక్కెం చూస్తాను. బండి ఒరగకుండా నాలుగు పక్కలా దిగే జాకీల కింద నేల చూస్తాను. చాదస్తమని నవ్వేవాళ్లున్నారు. నవ్వనిస్తాను.

మొన్నటి గాలివాన తర్వాత భీమిలి దగ్గర ఒక పడవను ఎత్తమని పిలిచారు. అలలు దాన్ని తెచ్చి రోడ్డు పక్క గట్టు మీద పడేశాయి. పడవ గలాయన నా ఈడువాడే. వారంగా వేట లేదు. పొద్దుటి పోటుకు పొంగిన నీళ్లు తగ్గకముందే పడవను నీళ్లలోకి దించాలని అతని ఆత్రం.

తాడూ కొక్కెం బాగానే ఉన్నాయి. నేలా గట్టిగానే కనిపించింది. జాకీల కింద దుంగలు పరిచి, పడవకు బెల్టులు వేయించి, జానెడు ఎత్తి ఆపాను. ఎప్పుడూ అలాగే ఆపి చూస్తాను. ఎడమవైపు దుంగ కొద్దిగా వాలింది. వేలెడంత కూడా లేదు. పడవను మళ్లీ దింపేశాను.

అతను గబగబా వచ్చాడు. "ఏటి బావా, ఎత్తినోడివి దింపేసావేటి? నీళ్లు తీసేత్తన్నాయి."

"నేల కుంగతంది బావా. ఇక్కడ్నుంచి నాను ఎత్తను."

అతను ముఖం తిప్పుకున్న తీరులోనే తిట్టు ఉంది. నాకూ కష్టంగానే అనిపించింది. అయినా జాకీలు పైకి తీసేసి, దుంగ ఉన్నచోట గునపంతో పొడిచి చూడమన్నాను. అతనే పొడిచాడు. రెండో దెబ్బకు గునపం పిడికిలిదాకా దిగిపోయింది. పైన గట్టి మట్టి, కింద అలలు తొలిచేసిన బోలు.

అతను గునపం లాగి పక్కన పెట్టాడు. "ఇందాక నువ్వెత్తినప్పుడు ఆ పక్కనే మా తమ్ముడు పడవ తాడట్టుకుని నిల్సున్నాడు బావా," అన్నాడు.

లారీని కాస్త దూరంలో, నీళ్ల ఒడ్డునే ఉన్న సిమెంటు గచ్చు మీదికి మార్చాను. అక్కణ్నుంచి పడవ ఉన్నంత దూరం క్రేను చెయ్యి చాపి అంత బరువెత్తే శక్తి నా క్రేనుకు లేదని చెప్పాను. ఈసారి ఎవరూ వాదించలేదు. ఇరవైమంది కలిసి దుంగల మీద పడవను దొర్లించుకుంటూ దగ్గరికి తెచ్చేసరికి పొద్దుటి పోటు కాస్తా పోయింది. సాయంత్రం పోటుకు, అన్నీ మళ్లీ మొదట్నుంచి చూసుకుని ఎత్తాను. జాకీలు చెక్కు చెదరలేదు.

పడవ నీళ్లను తాకగానే తమ్ముడు ఎక్కి ఇంజన్ తిప్పాడు. రెండుసార్లు దగ్గి అందుకుంది. నేను బెల్టులకు అంటిన ఇసుక కడగడానికి కూర్చుంటే, ఆ అన్న వచ్చి రెండో చివర పట్టుకున్నాడు.