ధనమ్మ ముక్కు మీద మొటిమ

మా ఊరు సురంగల్‌లో ఎవరి మొహాన మొటిమ లేచినా ముందు ధనమ్మ పెద్దమ్మకు చూపించాల్సిందే. చూపించకపోయినా ఆమే చూస్తుంది. ప్రభాకర్ పటేలు చామంతి తోటలో మేమందరం పూలు తెంపి, రేకుల షెడ్డులో కూర్చుని ఏరి, సంచులకెత్తుతాం. ఆ షెడ్డులో గడప పక్క చోటు ఆమెది. లోపలికి వచ్చే ప్రతి మొహం మీదా వెలుతురు బాగా పడేది అక్కడే.

ఆమెకు యాభై దాటాయి. బుద్ధెరిగాక ఒక్క మొటిమ కూడా రాలేదట. బుగ్గలు పొట్టు తీసిన గుడ్డులా నున్నగా ఉంటాయి. ఆ మొహమే తనకు పెద్ద సర్టిఫికెట్ అన్నట్టు మాట్లాడుతుంది. నిజానికి ఆమె ఏ మందూ వాడలేదు, మొహానికి ఎప్పుడూ బట్టల సబ్బే. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "నాకు రాలే గదా, నాకెందుకు మందు?" అంటుంది.

నేను ఇంటర్ మధ్యలో మానేసి తోటలో చేరినప్పుడు నా రెండు బుగ్గల నిండా మొటిమలే. స్కార్ఫ్ కళ్ల కిందిదాకా కట్టుకుని వెళ్లాను. మొదటి రోజే పెద్దమ్మ దాన్ని రెండు వేళ్లతో కిందికి లాగి చూసింది.

"గుడ్లు తింటున్నవా?"

"ఆదివారం తింట పెద్దమ్మా."

"బంద్ పెట్టు."

కొన్నాళ్లకు మళ్లీ పట్టుకుంది.

"గుడ్డు మానేసినవా?"

"మానేసిన."

"వంకాయ?"

"అది గూడ మానేసిన."

"కోడికూర? మామిడికాయ తొక్కు?"

"ముట్టుకుంటలేను పెద్దమ్మా."

"మరి ఏం తింటున్నవే?"

"అన్నం."

"వేడి వేడిగనా?"

"ఆఁ."

"గదే!" అని తొడ చరిచింది. షెడ్డులో అందరూ 'అదా సంగతి' అన్నట్టు తలలూపారు. ఆ రోజు నుంచి మా అమ్మ నాకు చల్లారిన అన్నమే పెట్టింది. మొటిమలు అలాగే ఉన్నాయి. అన్నం మాత్రం చల్లారింది.

మందులకు కూడా ఆమె దగ్గర కొదవ లేదు. పొద్దున నోరు కడుక్కోకముందు ఉమ్మి రాసుకోవాలి. లొంగకపోతే పడుకునే ముందు టూత్‌పేస్టు. దానికీ లొంగకపోతే తమలపాకు సున్నం. అప్పటికీ పోకపోతే ఆ మొటిమదే తప్పు, మందుది కాదు.

ఆమె వైద్యంలో అన్నిటికంటే ముఖ్యం మొటిమ వచ్చిన చోటు. నుదుటి మీద వస్తే ఫోన్ వేడి. బుగ్గ మీద వస్తే ఓర్వలేనివాళ్ల చూపు. దిష్టి అనకూడదని చర్చి మందిరంలో పాస్టరు అయ్యగారు చెప్పారు కాబట్టి చూపు అనే అంటుంది. ముక్కు మీద వస్తే మాత్రం ఒకటే అర్థం. ఎవరో మనసు పడ్డారు, లేదా మనమే ఎవరి మీదనో పడ్డాం.

ఈ ముక్కు దగ్గరే ప్రియ చిక్కుకుంది.

ప్రియ ఆశక్క కూతురు. చేవెళ్లలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. పొద్దున్నే బస్సులో మొయినాబాద్ వెళ్లి, అక్కడ ఇంకో బస్సెక్కి చేవెళ్ల చేరుతుంది. ఆశక్క మాతోనే పూలు ఏరుతుంది. ఒక సెలవు రోజున ప్రియ తల్లికి సద్ది ఇవ్వడానికి షెడ్డుకు వచ్చింది. ముక్కు కొసన చిన్న ఎర్ర మొటిమ. ధనమ్మ పెద్దమ్మ చేతిలో పూలు పక్కన పెట్టింది.

"ఎవలే ఆ పిలగాడు?"

"ఏ పిలగాడు పెద్దమ్మా?"

"నన్నడుగుతవేందే? నీ ముక్కునడుగు."

ప్రియ నవ్వింది. "యూట్యూబ్‌ల ఒక డాక్టరమ్మ చెప్పింది పెద్దమ్మా. ఒంట్ల ఉన్న నూనెతోని, హార్మోన్లతోని వస్తయట. ముక్కుకు, పిలగానికి ఏం సంబంధం లేదు. గుడ్డుకు గూడ లేదట."

"ఆమె మొఖానికి మొటిమలున్నయా?"

"లేవు."

"అయితే ఆమె గుడ్లు తింటలేదు. నీకు చెప్తలేదు, గంతే."

అందరూ నవ్వారు. ఆశక్క మాత్రం నవ్వలేదు. అయ్యగారి మాట తర్వాత ధనమ్మ పెద్దమ్మ మాటనే నమ్మే మనిషి ఆమె. ఆ సాయంత్రమే ప్రియ ఫోన్ బియ్యం డబ్బాలోకి పోయింది. మర్నాడు కాలేజీ కూడా ఆగింది. ముక్కు మీది మొటిమ పోయేదాకా గడప దాటొద్దని ఆశక్క తీర్పు చెప్పింది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ప్రియ ఇంట్లో కూర్చుని, అద్దం ముందు ఆ మొటిమను గిల్లి గిల్లి ఇంకా పెద్దది చేసింది. అది పెద్దదైన కొద్దీ ఆశక్కకు అనుమానం పెరిగింది. "రోజురోజుకు ముదురుతున్నదక్కా" అని షెడ్డులో కళ్లు ఒత్తుకునేది. చదువు మధ్యలో ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక మాట అందామని నోరు తెరిచేదాన్ని. అందరూ నా వైపు తిరిగేసరికి, "నీళ్లు గావాలె" అనేదాన్ని.

అంతలో ఒక పొద్దున ధనమ్మ పెద్దమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. గడప పక్క చోటు వదిలేసి, మూలన సంచుల వెనక కూర్చుంది. జలుబు చేసిందని చెప్పింది. రోజూ ఆమె పక్కన కూర్చునేది గోపమ్మత్త. అంత తేలిగ్గా జలుబును నమ్మే మనిషి కాదు. సంచి అందుకుంటున్నట్టు వంగి కొంగు చటుక్కున లాగేసింది.

ముక్కు కొసన, ఎర్రగా, నిండుగా, రేగుపండంత.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి.

"వదినె," అంది గోపమ్మత్త మెల్లగా, "ఎవలే ఆ పిలగాడు?"

నవ్వు ఆపుకోలేక కొందరు పూలకుప్ప మీదికి ఒరిగారు. 

"దోమ కుట్టింది!" అని అరిచింది పెద్దమ్మ.

"దోమ పేరేంది వదినె? మనూరేనా, షాబాదా?"

ఇక షెడ్డుకు ఒకటే పని, ఆ మనిషెవరో తేల్చడం. మా దగ్గరికి రోజూ వచ్చే మగమనిషి బాలమల్లు ఒక్కడే. పూల సంచులు ట్రాలీ ఆటోలో హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకుపోతాడు. బట్టతల, మనవలున్న మనిషి. ఆ రోజు అతను రాగానే అందరం పెద్దమ్మ ముక్కునూ అతన్నీ మార్చి మార్చి చూశాం. గోపమ్మత్త సంగతి చెప్పింది. అతని చేతిలో సంచి జారిపోయింది.

"నాకేం తెల్వదక్కా! నాకు కండ్లే సరిగ కనబడయి. ఎవలు మనిషో, ఏది సంచో గూడ తెలుస్తలేదు."

"గా కండ్లతోని హైదరాబాద్ దాక బండి నడుపుతున్నవా?" అంది గోపమ్మత్త.

మర్నాటి నుంచి అతను ఆటో దిగడం మానేశాడు. వెనక్కి తెచ్చి ఆపి, ముందుకే చూస్తూ, "ఎయ్యిండ్రి, జర జల్ది ఎయ్యిండ్రి" అని అరిచేవాడు.

ఆ మాట పెద్దమ్మ భర్త అబ్రహాము పెదనాయన చెవిన కూడా పడింది. ఆయన మోకిలలో విల్లాల దగ్గర వాచ్‌మన్. అవసరమైతే తప్ప మాట్లాడడు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ, అది కూడా పొట్టిది. ఆయన డ్యూటీ దిగి వచ్చి, డ్రెస్ విప్పకుండానే పెద్దమ్మ ముక్కు ముందు నిలబడడం చూశాను.

"ఆశ బిడ్డను ఇంట్ల కూసోబెట్టిందట. నీ మాట మీదనే గదా?"

"అయితే ఏందిప్పుడు?"

"మరి నువ్వు గూడ కూసో. రూల్ అందరికి ఒక్కటే ఉండాలె. మా గేట్ కాడ అంతే, ఓనరొచ్చినా పేరు చెప్పాల్సిందే."

"గీ వయసుల నా మీద అనుమానమా నీకు?"

"నాకేం అనుమానం లేదు. ముక్కు మీద ఉన్నది, నేను సూసిన."

ఆయన కోపంగా అనలేదు. అని, స్నానానికి పోయాడు.

ముక్కు మీది మొటిమకు ఏ అర్థమూ లేదని ఒక్క మాట అంటే పెద్దమ్మ ఆ పూటే తోటకు రావచ్చు. ప్రియ కూడా కాలేజీకి పోవచ్చు. ఆ మాట అనడం ఇష్టం లేక ఇంట్లోనే కూర్చుంది. కార్తీకమాసం, పూలకు గిరాకీ ఉన్న రోజులు. పటేలు రెండుసార్లు మనిషిని పంపినా రాలేదు. తన మందులన్నీ తనకే మొదలుపెట్టింది. పొద్దున ఉమ్మి, మధ్యాహ్నం పేస్టు. సున్నం పెట్టిన పూట కేక వేస్తూ బోరింగ్ దగ్గరికి పరుగెత్తింది. ఆ తర్వాత మొహమంతా పసుపు మెత్తింది. ముక్కు తగ్గకపోగా టమాటాలా ఉబ్బింది.

"ఏమే, తగ్గినట్టున్నదా?" అని గోడ మీది నుంచి నన్నడిగింది.

"ఒక పక్కనుంచి తగ్గినట్టే ఉన్నది పెద్దమ్మా."

"ఏ పక్కనుంచి?"

"వెనక పక్కనుంచి."

నా నోట్లోంచి అది ఎలా వచ్చిందో నాకే తెలియదు. కోళ్లగంప వెనక్కి పోయి కూర్చున్నాను. అందుకే ఆ తర్వాత జరిగింది మొత్తం విన్నాను.

ప్రియ తల్లి కళ్లుగప్పి పెరటి దారిన వచ్చింది. దాని ముక్కూ ఎర్రగానే ఉంది.

"పెద్దమ్మా, సోమవారం పరీక్ష. నీకు ఎవల మీద మనసు పడ్డదో అమ్మకు చెప్పేసెయ్. నేను గూడ ఏదో ఒక పేరు చెప్త. పేరు చెప్తేనన్న ఇడిసిపెడ్తదేమో."

"లేని పిలగాన్ని ఏడికెల్లి తెస్తవే?"

"నీ ముక్కుకు ఏడికెల్లి వచ్చిండో, ఆడికెల్లే తెస్త."

  ప్రియ చున్నీతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. పెద్దమ్మ బోరింగ్ గట్టు మీద కూర్చుని, బట్టల సబ్బు తీసుకుని మొహం రుద్దుకుంది. పసుపు సగమే పోయింది.

ఆదివారం మందిరంలో పాటలు అయ్యాక స్వామిదాసు అయ్యగారు, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పమన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ధనమ్మ పెద్దమ్మ లేచింది. పసుపుపచ్చ మొహం, మధ్యలో ఎర్ర ముక్కు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"దేవునికి స్తోత్రం. నాకు ముక్కు మీద మొటిమ వచ్చింది."

"అవునమ్మా," అన్నారు అయ్యగారు. ఆయనకూ కనిపిస్తూనే ఉంది.

"నా మీద ఎవలు మనసు పడలె. నేను ఎవల మీద పడలె. ఉన్న ఒక్క మొగడే నా దిక్కు సరిగ సూడడు." మగవాళ్ల వైపు అబ్రహాము పెదనాయన తల వంచుకుని బైబిల్ పేజీలు తిప్పాడు. "ముక్కు మీద మొటిమ వస్తే ఏం అర్థం లేదు. ఇన్నేండ్లు నేను చెప్పింది ఉత్తదే. ఆశా, నీ బిడ్డను పరీక్షకు పంపు."

ఇది సాక్ష్యం కిందికి వస్తుందో రాదో తెలియక అయ్యగారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత "ఆమెన్" అన్నారు. అందరం గట్టిగా అన్నాం. నేను కూడా, వినబడేలాగే.

బయట చెప్పులు తొడుక్కుంటూ ఆశక్క ఇంకా సందేహంగానే ఉంది. "మరి మొటిమ పోలేదు గదక్కా?"

"పోకుంటే పోకపాయె. పిల్ల ముక్కును ఇంట్ల పెట్టి పోతదా? ఎంట తీస్కపోతది," అంది పెద్దమ్మ.

సోమవారం పొద్దున నేనూ గోపమ్మత్తా తోటకు పోతున్నాం. ముందు పెద్దమ్మ నడుస్తోంది. బస్సు అప్పటికే కదిలింది. ప్రియ హాల్‌టికెట్ చేత్తో పట్టుకుని వెనక నుంచి ఉరుకుతోంది. పెద్దమ్మ రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాపి నిలబడింది. బస్సు కీచుమని ఆగింది. కండక్టరమ్మ తల బయటపెట్టి తిట్టబోయి, ముందు పెద్దమ్మను, తర్వాత ఎక్కుతున్న ప్రియను చూసింది.

"ఏందమ్మా, మీ ఇద్దరి ముక్కులకు ఏమైంది?"

గోపమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం పెద్దమ్మ నోటి వైపే చూశాం. ఆ నోరు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

"మొటిమలు," అంది. "పోనియ్యమ్మా బండి, పిల్లకు పరీక్షున్నది."