కుడి చెంప రాణులు

ఆ పెద్దాసుపత్రిలో టెలిఫోనమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు, మొహం తెలిసినవాళ్ళూ లేరు. మెట్ల కింద చిన్న గది ఆవిడది. తలుపు కుడిపక్కకి వచ్చేట్టు కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఆపరేషన్ థియేటరా? ఉండండి, కలుపుతున్నా," అంటే చాలు, ఎంత చిర్రుబుర్రులాడే డాక్టరైనా మెత్తబడేవాడు. ఎవరైనా తలుపులోంచి తొంగిచూస్తే కనిపించేది కుడి చెంప, చెవి దగ్గర ఫోను, నున్నగా దువ్విన జుట్టు. అంతే.

ఎడమ చెంప మీద, కంటి కిందనుంచి దవడదాకా, పుట్టుకతో వచ్చిన ఊదారంగు మచ్చ ఉంది. దాన్ని ఎవరి కంటా పడనివ్వకుండా బతకడం ఎలాగో వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. బళ్ళో ఎడమ గోడ పక్క బెంచీ, బస్సులో ఎడమవైపు కిటికీ సీటు, ఫొటోలో ఎడమ చివర నిలబడి గుంపు వైపు తిరగడం. తల్లి పోయి ఏళ్ళయింది గానీ ఆ పాఠం పోలేదు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది. అడిగి అడిగి అందరూ మానేశారు.

ఆ మచ్చకీ రోము రాణులకీ ఏమిటి సంబంధం అంటారేమో. ఉంది. ఒకసారి పాత సామాన్ల కొట్లో, అద్దాల పెట్టెలో, బొటనవేలి గోరంత వెండి నాణెం కనిపించింది. దానిమీద ఒక ఆడమనిషి. అలలు అలలుగా జుట్టు, వెనక బరువైన ముడి.

"రోము చక్రవర్తి భార్యమ్మా, జూలియా డోమ్నా అంటారు. పద్ధెనిమిది వందల ఏళ్ళనాటిది," అన్నాడు కొట్టాయన.

ఆ రాణీ కుడి చెంపే చూపిస్తోంది. రెండో చెంప ఏదమ్మా అని ఇన్ని వందల ఏళ్ళలో ఆవిడని ఎవరూ నిలదీసి ఉండరు. టెలిఫోనమ్మ ఆవిడమీద మనసు పడింది. కొని తెచ్చుకుంది. తరవాత నడినెత్తిన కొప్పు పెట్టుకున్న ఫాస్టీనా వచ్చింది, సబీనా వచ్చింది, లూసిల్లా వచ్చింది. మగ చక్రవర్తుల జోలికి మాత్రం పోలేదు. రేకు డబ్బాలో దూది పరిచి, రాణులందర్నీ వరసగా పడుకోబెట్టేది. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే డబ్బా తీసేది. మాట్లాడేందుకు ఇంకెవరున్నారు గనక?

ఉండడం అన్నావదినల ఇంటి మేడమీద గదిలో. వదిన మంచిదే, నోరే ఊరుకోదు.

"ఇదేంటే, అందరూ క్యూలో నిలబడ్డట్టు ఒకళ్ళ కొప్పు ఒకళ్ళు చూస్తున్నారు? ఒక్కతైనా వెనక్కి తిరిగి పలకరించదా?" అనేది డబ్బాలోకి తొంగిచూసి.

"వాళ్ళంతే వదినా. అందరూ కుడివైపే," అనేది టెలిఫోనమ్మ.

నాణేలు పంపించేది, ఆ కొట్టాయన నంబరిచ్చిన ఒక మాస్టారు. వేరే ఊళ్ళో బడిపంతులు, ఒంటికాయ శొంఠికొమ్ము. ఏళ్ళతరబడి ఫోను స్నేహమే తప్ప ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఒకరోజు, "గొంతు బొంగురుగా ఉంది, జలుబు చేసిందా మేడమ్?" అన్నాడు. ఆ జలుబు సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అంతే, మనసు ఎక్కడెక్కడికో పోయింది. పోదా మరి!

ఆ మాస్టారే మొన్న ఊపిరాడనంత సంబరంగా ఫోను చేశాడు.

"ఫాస్టీనా దొరికిందండీ, ఎడమవైపు తిరిగింది! ఇలాంటివి చాలా అరుదు. పోస్టులో పంపను, ప్రాణం ఒప్పదు. ఆదివారం నేనే తీసుకొస్తా. మీ బస్టాండు పక్కన కాఫీ కొట్టుంది కదా, అక్కడ చూద్దాం."

సరే అన్నాక టెలిఫోనమ్మకి చేతులూ కాళ్ళూ ఆడలేదు. చూస్తే ఏమంటాడు? ఏమీ అనకుండా ఫోన్లు మానేస్తే? ఆ గొంతు కూడా లేకపోతే తనకి మిగిలేది దూది పరిచిన రేకు డబ్బా ఒక్కటే.

ఎడమ చెంప కిటికీవైపు పోయే కుర్చీ దొరకబుచ్చుకోవాలని ఆదివారం ముందే వెళ్ళింది. మాస్టారు అంతకన్నా ముందే వచ్చి, చేతిలో భూతద్దంతో, నాణేనికి మంచి వెలుతురు కావాలని, సరిగ్గా ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. మిగిలినదాంట్లో కూర్చుంటే ఎడమ చెంప ఆయనవైపే. "నేనేనండీ మాస్టారూ," అంటూ అందులోనే కూర్చుంది.

"వచ్చారా! చూడండి, చూడండి," అన్నాడు ఆయన, భూతద్దంలోంచి తలెత్తకుండా. "ఎడమ చెంప చూపించే రాణి దొరకడమంటే మాటలా? ఈ చెంప చూసిన అదృష్టవంతులు ఎంతమంది ఉంటారంటారు?"

"ఎక్కువమంది ఉండరు," అంది టెలిఫోనమ్మ.

కాఫీలు వచ్చాయి, చల్లారిపోయాయి. నాణెం ఆవిడ అరచేతిలో పెట్టి ముక్కు గురించి చెప్పాడు, కొప్పు గురించి చెప్పాడు, అంచు అరిగిన తీరు చెప్పాడు. మధ్యలో ఒకసారి, "కాస్త జరుగుతారా మేడమ్, మీ నీడ పడుతోంది," అన్నాడు. జరిగింది. ఇక ఉండబట్టలేక, మొహం పూర్తిగా ఆయనవైపు తిప్పి, "మాస్టారూ, ఒక్కసారి ఇటు చూడండి," అంది.

ఆయన ఉలిక్కిపడి చూశాడు, ఆవిడ అరచేతిలోకి. నాణెం అక్కడే క్షేమంగా ఉంది.

"హమ్మయ్య, పడేశారేమోనని హడలిపోయా," అని మళ్ళీ భూతద్దం తుడుచుకున్నాడు.

ఫాస్టీనాని కొనుక్కుని, కొంగ్రొత్త ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఆయన్ని బస్సెక్కించింది. ఫోను చేస్తానన్నాడు. చేస్తాడు కూడా. ఎవరైనా చూస్తారని ఇన్నేళ్ళూ భయపడింది. చూడకపోతే ఇంత ఏడుపొస్తుందని ఆవిడకి తెలియదు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఎడమ కిటికీ సీటు ఖాళీగా ఉంది. వెళ్ళి కుడి కిటికీ దగ్గర కూర్చుంది. తరవాతి స్టాపులో కూరల సంచీతో ఒకావిడ ఎక్కి పక్కన కూలబడింది. మచ్చ చూసింది. చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది. మొహమాటం లేని మనిషి, కళ్ళప్పగించి చూస్తూనే ఉంది.

ఆవిడ దిగిపోయేదాకా టెలిఫోనమ్మ తల తిప్పలేదు.