బల్లకు అంటించని కాగితం

2016 జూన్ 6, సోమవారం నాడు మార్కాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. అదే నా ఆఖరి ఉద్యోగం. పక్షవాతం వచ్చినవారిని ఇంటికి పంపే ముందు పరీక్షించి కేస్ షీటులో సంతకం చేయాలి. దాని కింద డాక్టరు సంతకం పడితే డిశ్చార్జి.

జూన్ 16, గురువారం ఏసురత్నం వంతు వచ్చింది. అర్ధవీడు వైపు మనిషి, వయసు యాభై రెండు, గోడల మీద బొమ్మలు వేసే ఆర్టిస్టు. మెదడు కుడివైపు రక్తనాళం మూసుకుపోయి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. తొమ్మిది రోజుల్లో బలం తిరిగి వచ్చింది. వాళ్ల ఊరి కొత్త చర్చిలో వేదిక వెనక గోడ మీద కాపరి, గొర్రెల బొమ్మ సగంలో ఆగి ఉంది. ఆదివారం ప్రారంభం.

"రేపు పొద్దున్నే పరంజా ఎక్కాల. సంతకం పెట్టక్కా," అన్నాడు. ఆ పరంజా ఎత్తు పద్నాలుగు అడుగులు.

మెదడు కుడిభాగం దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమవైపు ఉన్నవాటి మీద ధ్యాస పోతుంది. కన్ను చూస్తుంది, మెదడు పట్టించుకోదు. ఆ లోపం ఉన్నట్టు రోగికే తెలియదు. దాన్ని కనిపెట్టడానికి అడ్డగీతలు గీసిన కాగితం ఇచ్చి, ప్రతి గీతకూ మధ్యలో గుర్తు పెట్టమంటాం. లోపం ఉంటే గుర్తు కుడివైపుకు జరుగుతుంది. ఏసురత్నం పన్నెండు గీతలకూ రెండు మిల్లీమీటర్ల లోపు తేడాతో గుర్తులు పెట్టాడు. సంతకం చేశాను.

పన్నెండు గంటలకు అతని భార్య మరియమ్మ సంచీతో వరండాలోకి వచ్చింది. వెనక ఏసురత్నం కుడికాలికే చెప్పు వేసుకుని నడుస్తున్నాడు.

"ఏమయ్యో, రెండో చెప్పు ఆసుపత్రికి కానుకిచ్చినావా?" అందామె. అతనూ నవ్వాడు గాని కాలివైపు చూసుకోలేదు. చెప్పు లేని ఆ ఎడమకాలికి స్పర్శ బాగానే ఉందని ఉదయం నేనే రాశాను, మొద్దుబారి తెలియకపోవడం కాదది.

గదిలోకి వెళ్లి స్కేలుతో మళ్లీ కొలిచాను. పన్నెండూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, అతను కాగితాన్ని నిలువుగా తిప్పుకున్నాడు. ఇరుకు గదిలో పొడుగు బోర్డును నిలబెట్టి కొలతలు పెట్టుకోవడం అతని అలవాటు. ఆర్టిస్టు కదా, తన పద్ధతిలోనే పట్టుకోనీ అని నేనే ఊరుకున్నాను. నిలబెట్టిన గీతకు పైనా కిందా ఉంటాయి తప్ప ఎడమ ఉండదు. అంటే అసలు పరీక్షే జరగలేదు. డాక్టరు నా సంతకం చూసి తన సంతకమూ పెట్టేశారు. వాళ్ల బస్సు పన్నెండూ నలభైకి. గడియారంలో పన్నెండూ ఇరవై రెండు. వరండా ఖాళీగా ఉంది.

గేటు బయట ఆటో ఎక్కుతుంటే ఆపాను. గదిలో కూర్చోబెట్టి, కొత్త కాగితాన్ని నాలుగు మూలలా ప్లాస్టరుతో బల్లకు అంటించాను. ఎడమకు తిరిగి నిలబడ్డ గొర్రెను వేయమన్నాను.

"గొర్రె ఎంత పనక్కా? బస్సు పోతాది," అని విసుక్కుంటూనే పెన్సిలు అందుకున్నాడు. తోక, వెనక కాళ్లు, ముడతలు తిరిగిన ఉన్ని, ఒక్క గీతా తడబడలేదు. భుజం దాకా వచ్చి పెన్సిలు కింద పెట్టాడు.

"అయిపోయింది."

"తల యాడుందయ్యా?" అంది మరియమ్మ.

"ఉంది గదే. కండ్లు కనపడవా నీకు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ప్లాస్టరు ఊడదీసి, ఖాళీగా మిగిలిన వైపు అతని కుడికి వచ్చేలా కాగితాన్ని తలకిందులుగా తిప్పి ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఎవురు చెరిపినారు?" అన్నాడు.

డాక్టరుకు నా తప్పు చెప్పి డిశ్చార్జి రద్దు చేయించాను. రెండు రోజులు ఏసురత్నం నాతో మాట్లాడలేదు. చర్చి గోడను వేరే ఆర్టిస్టు పూర్తి చేశాడు. ఇతనికి ఐదు వారాలు సాధన చేయించాను. కాగితం ఎడమ అంచున ఎర్రగీత ఉంటుంది, ముందు కన్ను దాన్ని వెతికి పట్టుకున్నాకే పెన్సిలు కదలాలి. ఆగస్టు 25న మళ్లీ చూపించుకోవడానికి వచ్చి, ఎర్రగీత లేకుండానే తలతో సహా గొర్రెను వేశాడు. చర్చి బొమ్మ ఎలా ఉందని అడిగాను.

"వాడేసినవి గొర్రెలు కాదక్కా, కుక్కలు," అన్నాడు.

అలవాటైన చెయ్యి మెదడులోని లోపాన్ని కప్పిపుచ్చగలదు. దానికి వీలిచ్చింది నేనే. ఆ తర్వాత సర్వీసులో మిగిలిన రెండేళ్ల నాలుగు నెలలూ, కాగితాన్ని బల్లకు అంటించాకే రోగి చేతికి పెన్సిలు ఇచ్చాను.